పెదనాన్న బాగుచేసిన ఇల్లు

సినిమా తీసి ఏం నేర్చుకున్నావక్కా అని ఈమధ్య జూనియర్లు తెగ అడుగుతున్నారు. లెన్సుల గురించో లైట్ల గురించో చెబుతానని ఆశపడి చుట్టూ చేరతారు. నేనేమో మా పెదనాన్న దగ్గర మొదలుపెడతాను. చెప్పేవాడికి వినేవాడు లోకువని సామెత ఉంది కానీ, మా దగ్గర అంతా తారుమారు. సగంమంది మధ్యలోనే లేచి క్యాంటీన్‌కి పోతారు. పోనీండి, వాళ్ళ ఖర్మ. ఉన్నవాళ్ళకే చెబుతాను.

మా సినిమా కాలేజీలో మొదటి సంవత్సరం చివర ప్రతి జట్టూ ఒక చిన్న థ్రిల్లర్ తీయాలి. అవన్నీ చూసి మాస్టారు ఒక్కరిని డైరెక్షన్‌లోకి తీసుకుంటారు. మిగతావాళ్ళు ఎడిటింగో ప్రొడక్షనో, ఇచ్చింది కళ్ళకద్దుకుని పుచ్చుకోవాలి. నాకు డైరెక్షన్ తప్ప ఇంకేదీ అక్కర్లేదు. ఆ సంగతి ఇంట్లో, క్లాసులో, బస్సులో పక్క సీటు ఆవిడకి కూడా చెప్పి ఉన్నాను. అది రాకపోతే నా మొహం ఎక్కడ దాచుకోవాలో నాకే తెలియదు.

మాస్టారిని ఆయన లేనప్పుడు మేం 'గోడ' అంటాం. ఎంత నవ్వించండి, ఎంత ఏడిపించండి, ఆ మొహంలో ఒక్క గీత కదలదు. ఆయన పెట్టిన పరీక్ష కూడా ఒక్కటే.

"రక్తం కావాలంటే పోసుకోండి, కేకలు కావాలంటే పెట్టించుకోండి. నాకేం అభ్యంతరం లేదు. కానీ నాకు భయం వెయ్యాలి. ఇన్నేళ్ళలో ఏ పిల్లల సినిమాకీ నేను కుర్చీలో కదల్లేదు. మీరైనా కదిలించండి, సంతోషిస్తాను" అన్నారు. సంతోషిస్తానన్న మాట కూడా గోడలాగే అన్నారు.

మా జట్టులో కెమెరా లంబూది. నిలబడితే వాడు మైకు కర్రకి పోటీ వస్తాడు. సౌండు చెవులమ్మది. పక్క గదిలో ఎవరైనా అబద్ధం ఆడబోతున్నా వినపడుతుందని దానికి పేరు. నాకేం పేరు పెట్టారో చెప్పను, మిరపకాయకి సంబంధించినది.

కథ చిన్నది. ఇంట్లో ఒక్కతే ఉన్న ఆడమనిషి తలుపులన్నీ వేసుకుని, బల్ల దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుట్టుకుంటూ ఉంటుంది. వెనక తలుపు కిర్రుమంటుంది. ఆమె తిరిగి చూస్తుంది. ముసుగు మనిషి. అంతే. ఆడమనిషి వేషం మా వదినది. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. "రోజంతా వణికిపోయేవాళ్ళ మొహాలే చూస్తాను, భయపడటం నాకొకళ్ళు నేర్పాలా?" అని వెంటనే ఒప్పుకుంది. ముసుగు మనిషి మా అన్నయ్య. వాళ్ళిద్దరికీ కలిసి సెలవు దొరికింది ఆ శని, ఆదివారాలే. ఆ తర్వాత సినిమాలు చూపించే రోజు దాకా ఇద్దరికీ ఊపిరి సలపదు. ఏం తీసినా ఆ రెండు రోజుల్లోనే తీయాలి.

ఇల్లు మాత్రం నేను ముందే ఎంచుకున్నాను. మా పెదనాన్నది. ఆయన అచ్చాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే, ఆ ఇంట్లో రాత్రిపూట మంచినీళ్ళకి లేవాలన్నా నాకు వణుకే. నడవా నుంచి హాల్లోకి వచ్చే తలుపు ముట్టుకుంటే చాలు, కిర్ర్ర్‌మని ముసలమ్మలా మూలిగేది. వంటింట్లో కొళాయి తెల్లవార్లూ టప్పు టప్పుమనేది. నడవాలో ట్యూబులైటు వెలగాలా వద్దా అని కొట్టుకుంటూ ఉండేది. ఇంతకంటే ఏం కావాలండీ థ్రిల్లర్‌కి? సెట్టు వేయించినా అలా రాదు.

ముందు వారమే పెదనాన్నకి ఫోన్ చేశాను. సంతోషం పట్టలేక ఊదరగొట్టాను.

"పెదనాన్నా, మా జట్టంతా నీ ఇంటికే వస్తున్నాం! ఆ తలుపు కిర్రుమనడం, ఆ కొళాయి కారడం, ఆ లైటు కొట్టుకోవడం... అబ్బ, నేను వాళ్ళకి చెప్పని రోజు లేదనుకో!"

పెదనాన్న అంతా విన్నాడు. తర్వాత "సరే తల్లీ, రండి, నేను చూసుకుంటాను" అన్నాడు. చూసుకుంటానంటే కాఫీల సంగతి అనుకున్నాను. అదీ నేను చేసిన పొరపాటు. మావాళ్ళకి సినిమా అంటే పెళ్ళి చూపుల కిందే లెక్క. నలుగురు వస్తున్నారంటే ఇల్లు ముస్తాబు కావాల్సిందే.

శనివారం పొద్దున్నే సామానంతా వేసుకుని వెళ్ళాం. పెదనాన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. వెనకాల పెద్దమ్మ ముసిముసి నవ్వులు నవ్వుతోంది. లోపలికి అడుగుపెట్టాను. గోడలకి లేత గులాబీ రంగు. కిటికీలకి పువ్వుల పరదాలు. నడవాలో కొత్త లైటు ధగధగా వెలిగిపోతోంది. వంటింట్లోకి పరిగెత్తాను. కొళాయి బుద్ధిగా నోరు మూసుకుని ఉంది. వెనక్కి వచ్చి హాలు తలుపు తోశాను.

చప్పుడు లేదు.

లాగాను. లేదు. ఊపాను. వెన్నలా కదిలింది, అంతే.

"ఎలా ఉంది తల్లీ?" అన్నాడు పెదనాన్న, మెచ్చుకుంటానని మొహం చేటంత చేసుకుని.

నాకు కోపం నషాళానికి అంటింది. "ఏం చేశావు పెదనాన్నా! నా సినిమా చంపేశావు! ఈ గులాబీ రంగు గదిలో ఎవడు భయపడతాడు? చంటిపిల్లలు కూడా భయపడరు!"

"అదేంటే? ఫోన్లో నువ్వే కదా అన్నావు, తలుపు కిర్రుమంటోంది, కొళాయి కారుతోంది, లైటు కొట్టుకుంటోందని? నీ జట్టువాళ్ళకి రోజూ చెబుతున్నానన్నావు. పెదనాన్న ఇల్లు ఇలా ఉందేమిటని నలుగురిలో నీకు తలవంపులెందుకని..."

"అవి ఉన్నాయనే కదా వస్తున్నాను!"

పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది. "చెడిపోయిన సామాను ఉందని ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదమ్మా. వారం నుంచీ మనిషి నిచ్చెన దిగలేదు. అన్నానికి పిలిచినా రాలేదు. ఆ తలుపు బందులు ఊడదీసి, తుప్పు గీకి, చమురు పట్టించి, మళ్ళీ బిగించి... ఒక్క మంచి మాట అనకపోగా ఒంటికాలి మీద లేస్తావేంటే?"

పెదనాన్న చేతులు వెనక్కి కట్టుకునే అవతలికి వెళ్ళిపోయాడు. ఆయన అరిచినా బాగుండేది. నేను నెత్తీ నోరూ బాదుకుంటూ హాల్లో కూలబడ్డాను. డైరెక్షన్ సీటు నా కళ్ళముందే చేతులూపుకుంటూ పోతున్నట్టనిపించింది.

"ఎందుకలా శోకాలు పెడతావు? చప్పుడు తర్వాత అతికించుకోవచ్చు. కాలేజీలో నా దగ్గర ఇరవై రకాల కిర్రులున్నాయి. ముందు బొమ్మ తియ్యండి" అంది చెవులమ్మ, హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుంటూ.

సరే అన్నాను, ఇంకేం చేస్తాను. పువ్వుల పరదాల మీద నల్ల దుప్పట్లు కట్టి పగలే రాత్రి చేశాం. గులాబీ గోడలు కనపడకుండా ఒక్క బల్లదీపం పెట్టాం. నడవాలో కొత్త లైటు ఆర్పేశాం. పెద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. మేం దీపం సర్దడం, ఆవిడ వచ్చి "చీకట్లో కుడితే కళ్ళు పోతాయే పిల్లా" అని హాలు లైటు వెయ్యడం. ఇలా కాసేపు జరిగాక, ఆవిడ చేతులు పట్టుకుని వంటింట్లోకి పంపించాను.

ఇక షాటు. వదిన బల్ల ముందు కూర్చుని కుడుతోంది. ఆమె వీపు వెనక, చీకట్లో, మూసిన తలుపు. నేను "ఇప్పుడు" అన్నప్పుడు అన్నయ్య నడవాలోంచి తలుపు తోసుకుని రావాలి, వదిన ఉలిక్కిపడి తిరగాలి. లంబూ కెమెరాకి కళ్ళప్పగించాడు. చెవులమ్మ అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని వింటోంది. నేను లంబూ భుజం పక్కనుంచి చిన్న తెర చూస్తున్నాను. వదిన సూదిలో దారం లాగింది. గుండీ బిగించింది. ఏదో కూనిరాగం కూడా తీస్తోంది. నేనింకా "ఇప్పుడు" అనలేదు.

తెరలో, వదిన వెనక, తలుపు తెరుచుకుంటోంది.

నెమ్మదిగా తెరుచుకుంటోంది. చప్పుడు లేదు. అవతల కాటుకలాంటి నడవా. వదిన అలాగే కుట్టుకుంటోంది, కూనిరాగం తీస్తూనే ఉంది. నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. వదినా అని పిలవాలనిపించింది, పిలవలేకపోయాను. అది మా ఇల్లే, మా సినిమానే, కెమెరా మా చేతిలోనే ఉంది, అయినా గుండె దడదడా కొట్టుకుంటోంది.

ఆ చీకట్లోంచి పెద్దమ్మ కాఫీ పళ్ళెంతో బయటికొచ్చింది.

"కట్! కట్! పెద్దమ్మా!"

వదిన అప్పుడు తిరిగి చూసి, "అయ్యో అత్తయ్యా, ఎప్పుడొచ్చారు?" అంది.

"చల్లారిపోతుందని తెచ్చానమ్మా. మీ హంతకుడు గారు వంటింట్లో నిలబడి బిస్కెట్లన్నీ అవగొడుతున్నారు."

చెవులమ్మ కళ్ళు తెరిచి మమ్మల్నందరినీ మార్చి మార్చి చూసింది. "ఏమైంది? నాకేమీ వినపడలేదే?"

చెవులమ్మకి వినపడలేదు! లంబూ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "నేను చూస్తూనే ఉన్నాను, వేలు కదపలేకపోయాను" అన్నాడు. వెంటనే ఆ టేకు వెనక్కి తిప్పి చూశాం. పెద్దమ్మ కనపడకముందు వరకూ మాత్రమే చూశాం. మళ్ళీ చూశాం. కిర్రుమని ఉంటే వదిన తిరిగేది, తిరిగితే ఆమె సంగతి ఆమె చూసుకునేది. చప్పుడే లేకపోతే ఆమెకి తెలియదు. తలుపు తెరుచుకుందని తెలిసింది మనకొక్కళ్ళకే. తెలిసీ చెప్పలేం. ఇన్నాళ్ళూ భయమంటే చప్పుడనుకున్నానే, ఎంత వెర్రిదాన్నో అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు వెనకనుంచి వినపడింది. కిర్ర్ర్.

తిరిగి చూద్దును కదా, పెదనాన్న నేలమీద చతికిలబడి, ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడిచి, సబ్బునీళ్ళూ పాత బ్రష్షూ పెట్టుకుని కింది బందుకి పట్టించిన చమురంతా కడిగేస్తున్నాడు. పక్కనే గుప్పెడు ఇసుక కూడా తెచ్చి పెట్టుకున్నాడు.

"వస్తోంది తల్లీ, వస్తోంది. నీ కిర్రు నీకు తెచ్చిపెడతాను. ఆ సీటు నీకే రావాలి. ఇంకో పూట టైమివ్వు, కొళాయి కూడా చెడగొట్టేస్తాను" అన్నాడు, నా మొహం చూడకుండా.

వారమంతా నిచ్చెనెక్కి చేసిన పనిని ఆ మనిషి నాకోసం తన చేతులతోనే పాడుచేసుకుంటున్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. అంత ప్రేమ నా మీద ఎవరైనా చూపిస్తే నాకు మాట్లాడటం రాదు, అరవడమే వస్తుంది.

"ముట్టుకోకు పెదనాన్నా! ఆ తలుపు ముట్టుకోకు!"

బ్రష్షు చేతిలోంచి జారిపోయింది ఆయనకి. "మళ్ళీ ఏం చేశానే?"

"చమురు పొయ్యి! ఎంత ఉంటే అంత పొయ్యి! చీమ పాకిన చప్పుడు కూడా రాకూడదు!"

పెదనాన్న పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ లంబూ వైపు చూసింది. "ఈ పిల్లకి కాఫీ ఎక్కువైనట్టుంది" అంది. పెదనాన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "చమురు పోస్తే తిట్టావు, కడిగితే తిడుతున్నావు. మీ సినిమావాళ్ళతో వేగడం మా అచ్చాఫీసులో యజమానితో వేగడం కంటే కష్టం తల్లీ." అన్నాడే గానీ, ఆ టేకు చూపించి సంగతంతా చెప్పేసరికి మొహం మళ్ళీ చేటంతయింది. "అయితే నా తలుపు బాగానే ఉందంటావు?" అన్నాడు. "బాగా ఉండటమేంటి, హీరోయినే అది" అన్నాను.

ఆయన బందులు ఆరబెట్టి మళ్ళీ చమురు పట్టించేలోగా నేను ముసుగు మనిషిని తీసేశాను. తలుపు తెరుచుకున్నాక అక్కడ ఎవరూ ఉండరు. చీకటి ఉంటుంది, అంతే. అన్నయ్య ముసుగు చేత్తో పట్టుకుని వచ్చి లబోదిబోమన్నాడు.

"పెళ్ళయిన తర్వాత మొదటిసారి నా పెళ్ళాన్ని భయపెట్టే అవకాశం వచ్చిందే! అదీ తీసేస్తే ఎలాగే?"

"ఇంటికెళ్ళాక ప్రయత్నించండి, చూద్దాం" అంది వదిన దారం కొరుకుతూ. అన్నయ్య మళ్ళీ బిస్కెట్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

తలుపు తోసే పని పెదనాన్నదే అయింది. ఎవరికిచ్చినా ఆయన ఒప్పుకునేలా లేడు. మొదటిసారి ఉత్సాహం కొద్దీ తోస్తే వెళ్ళి గోడకి ఢామ్మని కొట్టుకుంది. తర్వాత సరిగ్గా సగం తెరుచుకున్నాక ఆయనకి దగ్గొచ్చింది. ఆ తర్వాత అంతా కుదిరి, వదినకి నవ్వాగలేదు. ఒకసారైతే తలుపు అద్భుతంగా తెరుచుకుంది, చీకట్లోంచి "ఇలాగేనా తల్లీ?" అని వినపడింది. నేను జుట్టు పీక్కున్నాను. ఆదివారం మధ్యాహ్నానికి ఆయనకి చెయ్యి కుదిరింది. ఒక్క వేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, లంబూ కెమెరా ఎంత నెమ్మదిగా కదిలితే అంతే నెమ్మదిగా తోశాడు. నేను కట్ చెప్పాను. "ఊపిరి పీల్చుకోవచ్చా?" అని నడవాలోంచి పెదనాన్న అడిగితే అప్పుడు అందరం పడీ పడీ నవ్వాం.

ఎడిటింగులో మళ్ళీ నా పాత జబ్బు తిరగబెట్టింది. అంతా ఒట్టిగా ఉన్నట్టనిపించి, తలుపు తెరుచుకునే చోట డప్పులాంటి చప్పుడొకటి పెట్టాను. అది చాలక ఒక కిర్రు కూడా పెడదామన్నాను. చెవులమ్మ కుర్చీ వెనక్కి తోసి లేచింది.

"ఆ పెద్దాయన వారం రోజులు చెమటోడ్చి తీసేసిన చప్పుడు. నువ్వు ఒక్క మీట నొక్కి మళ్ళీ పెడతావా? పెట్టుకో. టైటిల్స్‌లో నా పేరు తీసేసి పెట్టుకో."

చాలాసేపు వాదించుకున్నాం. చివరికి డప్పూ లేదు, కిర్రూ లేదు. వదిన కూనిరాగం, సూది గుడ్డలోంచి దూరే చిన్న చప్పుడు, అంతే మిగిలాయి. ఏమీ వినపడని సినిమాకి గోడ కదులుతుందా? ఇంత నమ్మి ఇంత పోగొట్టుకుంటానేమోనని ఆ వారమంతా తిండి సహించలేదు.

సినిమాలు చూపించే రోజు కాలేజీ హాలు నిండిపోయింది. అందరూ ఇంట్లోవాళ్ళని తెచ్చుకున్నారు. మాస్టారు నడిమి వరసలో, ఎప్పుడూ కూర్చునే కుర్చీలో, చేతులు కట్టుకుని కూర్చున్నారు. పెదనాన్నా పెద్దమ్మా ముందు వరసలోనే సీట్లు పట్టారు. మిగతా జట్ల సినిమాలు వరసగా పడ్డాయి. కత్తులు దిగాయి, అద్దాలు పగిలాయి, ఎర్ర రంగు బకెట్లకొద్దీ పారింది. హాల్లో పిల్లలు కేరింతలు కొట్టారు. మాస్టారు చేతులు విప్పలేదు. ఒక సినిమాలో హాలు అదిరేలా కేక పెడితే ఆయన చిన్నగా ఆవలించారు కూడా.

మాది పడేసరికి నేను సీట్లో కూర్చోలేకపోయాను. లేచి, హాలు చివరికి వెళ్ళి, తలుపు పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. అక్కడనుంచి చూస్తే నాకు తెర, దాని ముందు బోలెడు వీపులు, మాస్టారి బట్టతల కనపడుతున్నాయి. ఆ బట్టతల ఇటో అటో కదిలితే చాలనుకున్నాను.

తెర మీద వదిన సూదిలో దారం ఎక్కించింది. మాస్టారు కదల్లేదు. గుండీ తీసి గుడ్డమీద పెట్టుకుంది, కూనిరాగం మొదలుపెట్టింది. కదల్లేదు. ఎవరో సీట్లో సర్దుకున్నారు, ఎవరో దగ్గారు. అయిపోయింది, ఎడిటింగులో చేరి అందరి సినిమాలకీ అతుకులు వేసుకుంటూ బతకడమేనని నాలో నేను అనేసుకున్నాను.

వదిన వెనక తలుపు తెరుచుకోవడం మొదలైంది.

దగ్గు ఆగింది. సర్దుకోవడం ఆగింది. అంతమంది ఉన్న హాల్లో సూది గుడ్డలోంచి దూరే చప్పుడు వినపడుతోంది. తలుపు తెరుచుకుంటోంది, తెరుచుకుంటోంది, వదిన కుట్టుకుంటోంది. "తిరగవే తల్లీ, వెనక్కి తిరిగి చూడవే" అని ఎవరి అమ్మగారో పైకే అనేసింది. వదిన తిరగలేదు.

తిరిగింది హాలు. ముందొక తల తిరిగింది. తర్వాత ఆ పక్కది, ఆ వెనక వరస, ఈ చివర పిల్లలు. తెర వదిలేసి, తమ వెనకున్న తలుపు మూసే ఉందా లేదా అని చూసుకోవడానికి ఒక్కొక్కరే వెనక్కి తిరుగుతున్నారు. నాకు వీపులు పోయి మొహాలు కనపడటం మొదలెట్టాయి. పెద్దమ్మ కూడా పెదనాన్న చొక్కా పట్టుకుని తిరిగింది. పెదనాన్న ఒక్కడే తిరగలేదు. తన తలుపు తెరుచుకోవడం కన్నార్పకుండా చూసుకుంటున్నాడు.

బట్టతల కూడా తిరిగింది. మాస్టారు కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, మెడ తిప్పి, తలుపు వైపు చూశారు. ఆ తలుపు పక్కన చీకట్లో ఒక ఆకారం నిలబడి ఉంది. అది నేనే. కానీ ఆయనకి ఆ సంగతి తెలియదు కదా.

"అమ్మో!" అన్నారు మాస్టారు. హాలంతా వినపడేలా అన్నారు.